భద్రావతి ముఖపుటచ్చు

గ్రీష్మర్తువు తన ప్రతాపమంతయు ప్రకటించుచున్న దినములవి. పెడన పురోపాంతమున కాలువయొడ్డున ఉతికి యారవైచిన కలంకారీ వస్త్రములపై ప్రచండమార్తాండ కిరణజాలము పడగా అందు చిత్రింపబడిన లతాపల్లవములును శుకపికములును మయూరమిథునములును ఎండి బిగిసి పెళపెళలాడుచుండెను. కాలువ సన్నబడి బురదయై మిగిలెను. కుక్కలు సైతము అరుగుల నీడ జేరి నాలుకలు వ్రేలవైచి రొప్పుచుండెను. ఇంతటి యెండలో బుద్ధి యున్నవాడెవ్వడును గడప దాటడు. మన భావనారాయణ మాత్రము అట్టపెట్టె చంకబెట్టుకొని బెజవాడ బస్సు కొఱకు నిలుచుండెను.

ఇతడు బట్టలపై అద్దు కొయ్యయచ్చులను టేకుచెక్కపై చెక్కుటయందు తాతతండ్రులనాటినుండి చేయి తిరిగిన వంశమువాడు. ఆ వృత్తి కూడు పెట్టనందున బెజవాడలో వెలువడు 'చిత్రవాహిని' యను వారపత్రికకు 'పిశాచకంటకము' అను బొమ్మల కథను కల్పించి గీయుచుండెను. నిశితకరవాలధరుడును వజ్రోపమదేహుడును భయమన్న మాట యెఱుగని మొండిఘటమును అగు అసితకేతుడను వీరుడు వారమునకొక పిశాచమును మట్టుబెట్టుటయే అందలి కథ. ఒక వారము పాడుబడిన నూతినుండి జలపిశాచి లేచును. మఱొక వారము శిరస్సు లేని మొండెము ఊరిమీద పడును. కడపటి చిత్రము మాత్రము ఎన్నడును మాఱదు. రక్తసిక్తగాత్రుడై ఇల్లు చేరిన యన్నకు జ్యోతిష్మతి యను తొమ్మిదేండ్ల చెల్లెలు దీపము చేతబట్టుకొని తలుపు తీయును.

ఆ జ్యోతిష్మతి ముఖము భావనారాయణ కూతురు భద్రావతిది. మూడేండ్ల క్రిందట ఆ పిల్ల తొమ్మిదవయేట గొంతువాపు జ్వరముతో మూడు దినములలో పోయెను. బ్రతికియుండగా ఒక్క ఫోటోయైనను తీయించినవారు కారు. బిడ్డ పోయిన నెల దినములలోపల ఆ తండ్రి యన్నము నీళ్లు మఱచి కూర్చుండి ఉసిరికాయంత టేకుముక్కపై ఆ ముఖమును చెక్కెను. చెక్కినది కుదిరినచో దానినే వేయిమార్లు అద్దవలయును గాని మాటిమాటికి కొత్తగా గీసి రూపు చెడగొట్టుట అచ్చుపనివారికి తలవంపులు. కావున ప్రతివారము కడపటి చిత్రమున దేహమును మాత్రము గీసి ముఖమును ఆ యచ్చుతో అద్దెడివాడు.

అతని భార్య పేరంటాలునకు అక్షరముముక్క రాదు. పత్రిక రాగానే కత్తులును పిశాచములును ఉన్న పుటలన్నియు గబగబ త్రిప్పివైచి కడపటి చిత్రము కడ నిలిచి "ఈ వారం కాస్త చిక్కిందండీ పిల్ల" అనియో "ఇయ్యాల నవ్వుతా ఉందండీ" అనియో పలికెడిది. అచ్చు ఒక్కటే. చిక్కుటయు లేదు నవ్వుటయు లేదు. ఆ సంగతి యెఱిగియు భర్త నోరు మెదపెడివాడు కాడు. ఆ యిల్లాలికి వారమున కూతురు కనబడునది ఆ యొక్క క్షణమే గదా!

ఇంతటి ప్రాణప్రదమైన యచ్చును ఈ మహానుభావుడు ఎచ్చట నుంచెననుకొంటిరి? పత్రికా కార్యాలయపు మేజా సొరుగులో. ప్రకటనలనుబట్టి తుదిపుట కొలత మాఱుచుండుటచే కడపటి చిత్రమును అచ్చటనే పూర్తిచేయవలసివచ్చెడిది. అచ్చును ఎవ్వడైనను అద్దవచ్చుననుట పుట్టినది మొదలు అచ్చులు చెక్కిన వానికి తట్టకపోయెను చూడుడు!

ఆనాడు సంపాదకుడు ముక్కామల జగన్మోహనరావు పంకా క్రింద గూర్చుండి తెచ్చిన పుటలను రెండు వ్రేళ్లతో ప్రక్కకు నెట్టెను.

"వారానికో దెయ్యం, ఎన్నాళ్ళయ్యా ఇట్లా? జనానికి మొహం మొత్తింది. కథ పెద్దది కావాలి. ఇప్పటిదాకా చచ్చిన పిశాచాలన్నీ ఉత్త బంట్లు. వాటన్నిటికీ ఒక మహారాణి ఉంది. యుద్ధం ఇప్పుడు మొదలవుతుంది. ఆ రాణి ఎవరనుకున్నావ్?"

"ఎవరండీ?"

"చెల్లెలు!"

భావనారాయణ చేతులు జోడించెను. "అయ్యగారూ, ఆ పిల్ల జోలికి మాత్రం పోవద్దండీ. గురువుగారిని చేద్దాం. మేనమామని చేద్దాం."

"మేనమామ దెయ్యమైతే ఎవడికి కావాలయ్యా? దీపం పట్టుకునే పిల్ల కోరలు తెరిస్తే గుండెలు జారిపోవూ! నీకు కష్టమైతే చెప్పు. కథ పత్రికది. గీసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు."

ఆ పిల్ల తన బిడ్డయని చెప్పుటకు అతనికి నోరాడలేదు. చెప్పినచో జాలిపడుదురేమోయను సిగ్గు ఒకటి. జాలిపడరేమోయను భయము వేఱొకటి. సరేయని తలయూపి ఇల్లు చేరి ఒక యుపాయము పన్నెను. కపాలసింహాసనాసీనయు నాగకంకణభూషితయు అగు పిశాచసామ్రాజ్ఞిని గీసి ఆ మెడపై వెడల్పు దౌడలును గ్రుడ్లురుము కన్నులును గల పరాయి ముఖమును పెట్టెను. మాయ చేత రూపు మాఱినదని ప్రక్కన ఒక మాట వ్రాసి టపాలో పంపెను. బిడ్డ గండము గడచినదని తన తెలివికి తానే మురిసెను పాపము.

రెండు వారములకు ఆ సంచిక వెలువడి మఱి నాలుగు దినములకు పెడన చేరెను. పేరంటాలు చేతులు కొంగున దుడుచుకొని యెప్పటివలె కడపటి చిత్రము తెఱచెను. అచ్చట తలుపు లేదు దీపము లేదు. కంగారుపడి పుటలు వెనుకకు త్రిప్పగా నిండుపుట చిత్రమొకటి కనబడెను. రుధిరధారలు స్రవించు సింహాసనము, పదునాఱు చేతులు, ఆ మెడపై భద్రావతి ముఖము! కార్యాలయమువారు సొరుగులోని యచ్చును కాగితముపై అద్ది కత్తెరతో చుట్టును కత్తిరించి జిగురుతో అతికించి పెదవుల కిరువైపుల సిరాతో కోరలు దిద్దియుండిరి.

"ఏంటండీ ఇది? మన పిల్లకి కోరలేంటండీ? ఏవండీ!"

అతడు చొక్కా తగిలించుకొని బెజవాడ పోయెను. జగన్మోహనరావు ఎదురువచ్చి కౌగిలించుకొన్నంత పనిచేసి జాబుల మూటలను చూపెను.

"చూశావా, మూడు గోతాలు! నువ్వు గీసిన మొహం ఉంచితే ఆవిడ చెల్లెలని ఎవడికి తెలుస్తుందయ్యా? కోపగించుకోకు."

"నా అచ్చు నాకిచ్చెయ్యండి."

"తీసుకెళ్ళు, దానికేం! రెండొందల మొహాలు అద్దించి పెట్టుకున్నాంలే. సరే గాని, ముగింపు విను. అన్న చేతిలోనే చావాలి ఆ పిల్ల. తల తెగాలి. నువ్వు గియ్యనంటే ఇంకొకడు గీస్తాడు."

ఇల్లు చేరి జరిగినదంతయు భార్యకు చెప్పెను. ఆమె యేడ్చునని యతడనుకొనెను. ఆమె యేడువలేదు. బియ్యము చెరుగుచున్న చేట ప్రక్కన బెట్టి భర్తవైపు తిరిగెను.

"ఇంకోడి చేతిలో పెట్టకండి. వాళ్ళు కత్తెరేసి కోస్తారు. మీరే కానివ్వండి."

"నా వల్ల అవుద్దంటావా?"

"అవ్వాలి మరి. పిల్ల కళ్ళు మూసుకున్నట్టు గియ్యండి. తెరిచి ఉంటే కత్తి ఎత్తటం చూస్తది."

మఱునాడు పట్టపగలు నట్టింట కాగితము పఱచి అతడు కూర్చుండెను. అచ్చులోని కన్నులు తెఱచియున్నవి గనుక అది యిక్కడ పనికిరాదు. మూడేండ్లకు మొదటిమాఱు కూతురి ముఖమును చేతితో గీయవలసివచ్చెను. ఒకటి గీసెను. అచ్చునకే ఱెప్పలు మూసినట్లుండెను. చింపివైచి మఱొకటి గీసెను. అదియు నంతే. ప్రొద్దు వాలులోపల పదునొకండు కాగితములు నేలపాలయ్యెను. పేరంటాలు వంగి యొక్కొక్కటియే యెత్తి చూచెను.

"ఇది కాదండీ. ఇదీ కాదు."

"మరెట్టా ఉండేదే? నువ్వు చెప్పు, గీస్తా."

ఆమె చెప్పబోయి నోరు తెఱచెను. చుబుకము చూపబోయి తన చుబుకముమీద వ్రేలుంచుకొని అట్లే యాగెను. పిదప ఆ వ్రేలిని మెల్లగా దింపెను.

"మాట్లాడవేంటే?"

"ఆ బొమ్మే కనపడతందండీ. పిల్ల కనపడటం లేదు."

అతడు కుంచె కడిగి మరల ముంచి ఆ పిల్లను వెనుకకు తిరిగినట్లు గీసెను. ఎత్తిన ఖడ్గము క్రింద రెండు జడలును సన్నని మెడయు మాత్రమే కనబడునట్లు చేసి పంపెను. పాఠకలోకము ఉఱ్ఱూతలూగెను. ముఖము చూపకయే శోకరసమును పరాకాష్ఠకు జేర్చిన చిత్రకారుని ప్రజ్ఞ అనన్యసామాన్యమని వేలకొలది జాబులు వచ్చెను. అందు ప్రజ్ఞ యేమియు లేదు. ఆ పిల్ల యెట్లుండెడిదో కన్నవారికే జ్ఞాపకము లేదు.