బావికాడి చెట్టు మీద నాన్న

పొద్దున్నే చద్దన్నం తిని, కాళ్ళకి తగిలించుకునే తాడు భుజాన వేసుకుని, పోలారావు కొబ్బరికాయలు దింపడానికి బయల్దేరాడు. యాభై ఆరేళ్ళ మనిషి. నేల మీద ఉన్నంతసేపే మోకాళ్ళ నొప్పులు. ఉద్దానం తోటల్లో కాయలు దింపేవాళ్ళకి అది మామూలే. ఏ చెట్టుని ఏ వయసులో మొదట ఎక్కారో, దాని తల మీది మొవ్వు చేరేసరికి మళ్ళీ ఆ వయసే. అందుకే ఆయన పెరటి చెట్టెక్కితే భార్య దేవి కొప్పు సవరించుకుంటుంది. ఆ చెట్టు మీద ఆయన కొత్త పెళ్ళికొడుకు.

కూతురు పావనికి ఆ రోజు నవ్వులాటలేవీ పట్టలేదు. పందొమ్మిదేళ్ళ పిల్ల, రెండేళ్ళుగా బారువ సముద్రపొడ్డు ఇసకలో పరుగులు తీసి మిలట్రీ సెలక్షన్‌కి తయారైంది. రేపే విశాఖపట్నంలో పరుగు పరీక్ష. తండ్రిది మాత్రం వారం నుంచి ఒకటే పాట, "నువ్వెల్తే తోట ఎవులు సూత్తారు?" అని. ఆయన్ని కాదని గడప దాటే పిల్ల కాదామె.

"కిందున్న మనిషినడిగితే ఏటి లాభం? బావికాడి సెట్టెక్కినప్పుడు అడుగు," అంది దేవి బియ్యం చెరుగుతూ. "తిత్లీ తుపానుకి తోటలో మిగిలిన పాత సెట్టు అదొక్కటే."

ఆ చెట్టు మీద పోలారావుకి పందొమ్మిదేళ్ళు.

పావని బావికాడి చెట్టు మొదట్లో నిలబడి తలెత్తింది. మట్టల సందున, మీసం సరిగా రాని కుర్రాడు సముద్రం కేసి చూస్తున్నాడు. పావనిని ఎత్తుకు తిరిగిన చేతులే అవి. ఇంకా ఎవర్నీ ఎత్తుకోలేదు.

"ఎవులు నువ్వు?" అన్నాడు.

"నీ కూతుర్ని."

అతను ఒంగి ఆమె మొహం నిదానంగా చూశాడు. "అయితే నీకు తెలుసుంటాది. నాను మిలట్రీకెల్నానా? తోటొదలొద్దని మా అయ్య పట్టుబట్టేడు."

నిజం చెబితే తన పని అవుతుంది. కానీ ఆ మొహం చూస్తూ చెప్పలేక కళ్ళు దించుకుని అంది.

"ఎల్లలేదు. తోట సూసుకున్నావు. నన్ను పెంచినావు. ఇప్పుడు నానెల్తానంటే నువ్వే ఒద్దంటన్నావు."

అతను మరోసారి సముద్రం కేసి చూసి కిందికి ఒంగాడు.

"నువ్వు బాగా పరిగెడతావా?"

"పరిగెడతాను."

"అయితే ఎల్లు. మీ నాన్నతో నాను సెప్తాను."

దిగుతుంటే బారెడు బారెడుకీ ఏళ్ళు మీద పడ్డాయి. సగం చెట్టుకి మీసం గుబురైంది, ఇంకాస్త కిందికి నడుం ఒంగింది, నేల తాకేసరికి నెత్తి తెల్లబడింది. చిన్నప్పట్నించీ చూస్తున్నదే అయినా పావని తెలియకుండానే చేతులు జోడించింది.

పోలారావు కూతురి వంక చూడకుండా కాళ్ళ తాడు విప్పుకున్నాడు.

"ఆడు సెప్పినాడు," అన్నాడు. "బండెన్ని గంటలకి?"