రింగు లోపలి పేరు

నానిన మేకతోలు కంపు.

తొట్టిలోంచి లేచి, వాకిలి దాటి, నా జడలోకి ఎక్కిన కంపు. కిటికీ మూస్తే ఇది... తెరిస్తే వర్తూరు చెరువు మురుగుది. దీంతోనే పెరిగాను. ఏనాడూ ముక్కు మూసుకోలేదు.

ఇవాళ మూసుకున్నాను — తోలును చూసి కాదు.

నా ఒళ్ళో బాంజో. పాతది. నాయన చేసింది. గుండ్రటి పనసచెక్క రింగు, చుట్టూ ఇత్తడి కొక్కేలు, పొడుగాటి మెడ. జెస్సీ ఆంటీ ఏళ్ళ తరబడి చర్చిలో వాయించి, వేళ్ళు వంగిపోయాక మా తమ్ముడు చేతన్‌కి ఇచ్చేసింది. కొత్త తోలు బిగించమని వాడు నాకు తెచ్చాడు.

నాయన ఏ బాంజోకీ పైన తన పేరు వేయలేదు. రింగు లోపల, ఎర్రగా కాల్చిన కమ్మీతో — పిల్లప్ప. తోలు బిగిస్తే ఇక ఎవరికీ కనపడదు. బిగించే ముందు మాత్రం ఆ కాలిన గీతల మీద ఒకసారి బొటనవేలు పెట్టేవాడు. పెట్టనిదే తోలు ముట్టేవాడు కాదు.

నేనూ వేలు పెట్టాను.

నున్నగా ఉంది.

రుద్దేశాడు. చేతన్ ఉప్పుకాగితం పెట్టి, పేరు పోయేదాకా రుద్దేశాడు. రుద్దినచోట కాఫీ డికాక్షన్ పూసి పాతరంగు తెచ్చాడు. మెడ చివర కొత్తగా ఇత్తడి రేకు... దాని మీద ఎవరో దొర పేరు, నాయన ఇంకా పుట్టని ఏడాది.

ఛీ.

“నాయిన పేరు చూసి ఎవరు తీసుకుంటారక్కా? పాత ఫారిన్ మాల్ అంటేనే గిరాకీ ఉండాది,” అన్నాడు. సిగ్గు లేదు. నవ్వుతున్నాడు — అచ్చం నాయన నవ్వే. అదే నాకు మరీ అసహ్యం.

అంతలో నాయన గోడ పట్టుకుని వచ్చాడు. కళ్ళు కనపడవు, తోలు వాసన పట్టి వచ్చాడు. పక్కన కూలబడి చెయ్యి చాచాడు. ఇచ్చాను. ఇవ్వకుండా ఎలా ఉండను?

బొటనవేలు రింగులోకి వెళ్ళింది. ఒక చుట్టు తిరిగింది. ఆగింది. మళ్ళీ తిరిగింది...

“చెక్క నాదే. పేరు యాడికి పాయ సుశీలా?”

చేతన్ నా వైపు చూశాడు. చెప్పొద్దని కళ్ళతోనే బతిమాలాడు. “పాతదైపాయ కదా నాయినా, అరిగిపోయింటాది.”

ఇప్పుడే చెప్పాలి. చెబితే — కొడుకు చేసిన పని తెలుస్తుంది. చెప్పకపోతే...

నాయన తలూపాడు.

“నేనే లోతుగా కాల్చలేదేమోలే.”

చేతన్ ఊపిరి వదిలాడు. నాకు రోత పుట్టింది — వాణ్ణి చూసి, ఇంకా నోరు విప్పని నన్ను చూసుకుని.

నాయన వేలు మాత్రం ఆ నున్నటి చెక్క మీద తిరుగుతూనే ఉంది.