ఎలుకల గదిలో అనుమానం

తన ల్యాబులోనే పరిశోధన చేస్తున్న మేనకోడలు తన కళ్లల్లో దుమ్ము కొడుతోందని ప్రొఫెసరమ్మకు గట్టి అనుమానం.

రాదూ మరి! కణం రెండుగా చీలే ముందు క్రోమోజోములు సరిగ్గా సర్దుకున్నాయో లేదో చూసి, తేడా ఉంటే "ఆగు" అనే కాపలా జన్యువు ఒకటుంది. అసలే పేగు కేన్సరు వచ్చే జాతి ఎలుకలు, ఆపైన వాటిలో కొన్నిటికి ఆ కాపలా కూడా చెడగొట్టారు. గడ్డలు పుట్టగొడుగుల్లా లేవాలి. ఈ పిల్ల లెక్కలో మాత్రం కాపలా లేనివాటికే గడ్డలు తక్కువ!

"కొత్త సంగతి కనిపెట్టానని పేరు కొట్టేద్దామనుకుంటోంది" అని పళ్లు నూరుకుంది ఆవిడ. లెక్క అబద్ధమైతే ఆ పిల్లకు డిగ్రీ రాదు, ఇంకే ల్యాబూ గడప తొక్కనివ్వదు. అన్న కూతురైతే మాత్రం? ఎలుకలు మార్చేసిందేమోనని చాటుగా జన్యు పరీక్ష మళ్లీ చేయించింది. ఎలుకలు మారలేదు. అయితే గడ్డలే కోసి పారేస్తోందన్నమాట!

మేనకోడలు భోజనానికి వెళ్లడమే ఆలస్యం, ఫ్రీజర్లోంచి చెత్త సంచులు తీసి నేలమీద చతికిలబడింది. వాటిని కాల్చడానికి ఇంకా పంపలేదు. విప్పితే కోసిన గడ్డలు లేవు, పెద్దపేగు ముక్కలున్నాయి. ఈ ఎలుకలకు గడ్డలొచ్చేది చిన్నపేగులోనే, పెద్దపేగు చూడటం టైము దండగ, పారేయండి అని రూలు పెట్టింది ఆవిడే. అయినా మనసొప్పక ఒక ముక్కను కత్తెరతో నిలువునా చీల్చింది.

లోపల గడ్డలు. ఇంకోటి చీల్చింది. మళ్లీ గడ్డలే, ఒకదాన్నొకటి తోసుకుంటూ. సంచీ మీద చీటీ చూసింది. కాపలా లేని ఎలుకలవే. కాపలా ఉన్నవాటి సంచీ కూడా విప్పి చూసింది. వాటి పేగులు నున్నగా ఉన్నాయి.

పిల్ల లెక్కలో తప్పేం లేదు. గడ్డలు చిన్నపేగులో తగ్గి, తను పారేయించిన చోట పెరిగాయి.

"ఏం వెతుకుతున్నారత్తయ్యా?"

తలుపు దగ్గర మేనకోడలు నిలబడి ఉంది.

"ఇలా రావే! చూడు, నీ పంట పండింది!"

ఆ పిల్ల ముక్కలకేసి చూసింది, సంచులకేసి చూసింది, నేలమీదున్న మేనత్తకేసి చూసింది.

"నా చెత్త వెతుకుతున్నారా? జన్యు పరీక్ష కూడా మళ్లీ చేయించారట. నన్నే అడగొచ్చుగా."

"అది కాదమ్మా..."

"పోనీ, ఇవైనా నమ్ముతారా? ఇవీ నేనే తెచ్చి పెట్టాననుకుంటారా?"

"ఛ, అవేం మాటలే!" అంది ప్రొఫెసరమ్మ. సిగ్గుతో ఆవిడ మొహం మండిపోయింది. కానీ ఆ మాట నోట్లో ఉండగానే, చూపు ఇంకా విప్పని సంచీ ముడి మీదికి పోయింది, ఎవరైనా విప్పి మళ్లీ కట్టారేమోనని.

మేనకోడలు అది చూడనే చూసింది.