నొప్పి లేని రోజు

బట్టల ఫ్యాక్టరీలో ఆమె చొక్కా అంచు సరిచేసి, కాలితో గుండీల మిషను తొక్కి, గుండీ బిగిసిందో లేదో గోటితో లాగి చూసి పక్కన పెట్టింది. కొంచెం సేపటికోసారి ఆగి నీళ్ళు తాగుతుందామె. సికిల్‌సెల్ జబ్బు. ఒంట్లో నీరు తగ్గితే రక్తకణాలు కొడవళ్ళలా వంగి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయని చిన్నప్పుడే డాక్టరు చెప్పాడు. తోటి పనివాళ్ళు ఆమెను ‘బిందె’ అంటారు. ఆమే అందరికంటే ముందు నవ్వుతుంది.

ఆ రోజు ఎక్కడా నొప్పి లేదు. అలాంటి రోజులంటేనే ఆమెకు భయం. వచ్చిన నొప్పిని పళ్ళబిగువున భరించవచ్చు. రాని నొప్పి కోసం మోకాళ్ళనీ నడుమునీ చెవి ఒగ్గి వింటూ కూర్చోవాలి. పెళ్ళి మాటొస్తే తనే వద్దంది. సినిమాకి పిలిస్తే, మధ్యలో నొప్పి వస్తే ఎలా అని మానేసింది. ఏడాదిగా తల దువ్వుకోవాలన్నా విసుగు. సెలవురోజు గోడవైపు తిరిగి పడుకుంటే పొద్దు వాలిపోయేది. అదీ జబ్బేనని ఎవరూ అనలేదు, ఆమె కూడా అనుకోలేదు.

మధ్యాహ్నం తమ్ముడు ఫోన్ చేశాడు.

"ఎలా ఉన్నావక్కా?"

"నాకేంరా, గుండ్రాయిలా ఉన్నా."

"పిల్లలు అడుగుతున్నారు. ఆదివారం రావచ్చుగా?"

"చూస్తాలే."

ఆమె రాదని ఇద్దరికీ తెలుసు.

మూడింటికి ఛాతీ పట్టేసింది. సూపర్‌వైజరుకి చెప్పలేదు. పోయినసారి ఆయన "మళ్ళీనా అమ్మా?" అన్నాడు, కోపంగా కూడా కాదు. ఆ ఒక్క మాట తలుచుకుని ఇప్పుడు సాయంత్రం దాకా మిషను ముందే కూర్చుంది. తర్వాత ఒక్కతే ఆసుపత్రికి వెళ్ళింది.

ఆక్సిజన్ గొట్టం సర్దుతూ నర్సు అడిగింది.

"నొప్పి సంగతి సరే. మనసెలా ఉంటోందమ్మా?"

ముప్పై నాలుగేళ్ళలో ఎవరూ అడగలేదు.

"భయమండి. నొప్పి లేనప్పుడు కూడా."

"దానికీ డాక్టరున్నారు. రేపు పిలిపిస్తా."

"దానిక్కూడానా?" నవ్వబోయి ఏడ్చేసింది. నర్సు ఆమె చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చుంది. కాసేపటికి ఆమే అంది, "మా తమ్ముడికి ఫోన్ చెయ్యండి. అక్కకి బాలేదని చెప్పండి."

ఆ మాట ఆమె నోట రావడం అదే మొదలు.

మర్నాడు పొద్దున తమ్ముడు ఊరి నుంచి పరుగున వచ్చేసరికి మంచం మీద ఉతికిన దుప్పటి పరుస్తున్నారు. తెల్లవారాక ఊపిరితిత్తులు ఇక సహకరించలేదని నర్సు చెప్పింది.

పక్కబల్ల మీద, డాక్టరుతో చెప్పాల్సినవి రాసుకోమని నర్సు ఇచ్చిన కాగితం ఉంది. అందులో అక్క ఒకటి నుంచి తొమ్మిది దాకా గుండ్రంగా అంకెలు వేసి, ఒక్కోదాని పక్కన రాయడానికి బోలెడంత చోటు వదిలిపెట్టింది.