నలభై ఏడో నంబరు రూపాయి

నీళ్ళ బిందెను వేలి కణుపుతో ఒకసారి పైన, ఒకసారి కింద కొట్టి, పరదేశి కుడిచెవి దగ్గరగా పెట్టాడు. తేడా తెలియలేదు. ఎడమచెవి పెట్టాడు. కొంచెం తెలిసినట్టే ఉంది. తెలిసిందో, తెలిసిందని తనే అనుకున్నాడో!

“ఇంకా సగం ఉంది. రాత్రే నింపేను,” అంది భార్య దేముడమ్మ పొయ్యి దగ్గర్నించి. “రోజూ పొద్దున్నే దానికి మొట్టికాయలేటి?”

చెవి మందగించిందని ఆవిడకి చెప్పలేదు. కుక్కరు ఎన్ని కూతలు కూసిందని అడిగితే నోటికొచ్చిన అంకె చెప్పేస్తున్నాడు. రెండు వారాలుగా ఆ ఇంట్లో పప్పు అయితే పలుకు, లేకపోతే ముద్ద.

పరదేశికి యాభై నాలుగేళ్ళు. పొట్టి మనిషి, గోళ్ళ కింద ఎన్ని సబ్బులు అరిగినా పోని నలుపు. అనకాపల్లిలో బస్సెక్కి విశాఖలో విమానాల షెడ్డుకి వెళ్ళడం ఇరవై ఏడేళ్ళుగా ఉన్నదే. విమానాలు బాగుచేస్తాడంటే ఊళ్ళో ఇప్పటికీ నవ్వుతారు. “ఎప్పుడైనా ఎక్కేవా?” అంటారు. పాపం, ఎక్కలేదు.

విమానం తోక పలకలు చూడటం అతని పని. పైన పల్చటి రేకులు, మధ్యలో తేనెపట్టులాంటి గూళ్ళు. లోపల అతుకు ఊడితే కంటికి కనపడదు. నాణెంతో కొట్టుకుంటూ పోవాలి. బాగున్నచోట ‘ణంగ్’మంటుంది, ఊడినచోట ‘తప్’మంటుంది. అంతే విద్య. తండ్రి బెల్లం పెనం దగ్గర పాకం ఉడికే చప్పుడు విని దించమనేవాడు. ఆ చెవులే ఇతనికీ వచ్చాయని ఊరంతా అనుకునేవారు.

షెడ్డులోకి జేబులో చిల్లర తీసుకెళ్ళకూడదు, విమానంలో జారిపడితే కొంప మునుగుతుంది. అందుకని కొట్టి చూసేందుకు ఒక పాత రూపాయికి చిల్లు పొడిచి, నలభై ఏడని నంబరు చెక్కి, పనిముట్ల బోర్డు మీద మేకుకి తగిలించారు. ప్రతి పనిముట్టు చుట్టూ ఎర్రగీత. సాయంత్రం ఏ గీతలో ఖాళీ కనపడినా, అది దొరికేదాకా విమానం కదలదు.

ఏడాది కిందట కెమెరాల బండి వచ్చింది. విమానం చుట్టూ తిరిగి ఫొటోలు తీసి, ఎక్కడ గీత పడిందో, ఎక్కడ సొట్ట ఉందో తనే చెప్పేస్తుంది. పదకొండు మంది మెకానిక్కులు నలుగురయ్యారు. పరదేశి మిగిలింది ఆ బండికి చెవుల్లేవు గనక. వచ్చే వారం చెవుల పరీక్ష. అందులో తప్పితే ఆ చోటూ పోతుంది.

ఆ ఉదయం తోక పలక మీద రూపాయితో కొట్టాడు. ‘తప్’. పక్కన, ‘తప్’. పైన, కింద, అంతటా ‘తప్’. తోకంతా ఊడిపోదు కదా! పోయింది తన చెవి. చుట్టూ చూసి, ఎవరూ లేరనుకుని, దవడ పలకకి ఆనించి మళ్ళీ కొట్టాడు. ఎముకలో గుయ్‌మంది. జరుగుతూ పోయాడు. ఒకచోట, అరచేయంత మేర, ఎముక పలకలేదు.

“ఇక్కడ ఊడింది,” అని కేకేశాడు.

బండి మాత్రం ఆ పలక బాగుందని అప్పటికే పచ్చగుర్తు ఇచ్చేసింది. దాన్ని నడిపే సబ్బవరం పిల్ల ఇందు శబ్దతరంగాల మిషను తెచ్చి పెట్టింది. తెర మీద అరచేయంత ఎర్రమచ్చ. షెడ్డు పెద్ద త్రినాధరావు వీపు మీద చరిచాడు. “మిషనుకి బాబువి బావా నువ్వు!”

ఆ ఆనందం అయిదు నిమిషాలు కూడా లేదు. ఇందు పలకకి బిళ్ళల్లాంటి మైకులు అతికించింది.

“మావయ్యగారూ, బాగున్నచోట వందసార్లు, ఊడినచోట వందసార్లు కొట్టండి. దీనికీ నేర్పేద్దాం.”

కొట్టాడు. ఒక్కో దెబ్బతో తన చోటు తనే ఖాళీ చేస్తున్నాడని తెలుస్తూనే ఉంది. ఊడినచోట ఎనభయ్యో దెబ్బ దగ్గర ఆ పిల్ల మామూలుగానే అడిగింది, “ఇందాక దవడెందుకు ఆనించారు?”

చెయ్యి ఆగిపోయింది. దవడ ఆనించడం ఇవాళే మొదలు. మరి పోయిన గురువారం? ఇంకో విమానం తోకని చెవితోనే చూశాడు. బాగుందని సంతకం పెట్టాడు. అప్పుడు విన్నాడా, విన్నాననుకున్నాడా?

“సెవికి అందట్లేదమ్మా,” అన్నాడు. “గురువారం నేను సూసిన ఇమానం ఎక్కడుందో సూడు. తొరగా సూడు తల్లీ.”

“హైదరాబాదు నుంచి బయల్దేరిపోయింది. అరగంటలో ఇక్కడ దిగుతుంది. డెబ్బై మంది ఉన్నారు,” అంది ఇందు.

“ఎంత పని సేసేవు బావా!” అని త్రినాధరావు ఫోను తీసుకుని పరుగెత్తాడు.

పరదేశి షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. ఉద్యోగం పోతుందన్న భయం ఎటు పోయిందో, దాని చోట ఇంకోటి వచ్చి కూచుంది. నూకాలమ్మకి మొక్కుకుందామంటే ఏం మొక్కాలో కూడా గుర్తు రాలేదు. అందరూ తలెత్తాక గానీ అతనికి చప్పుడు తెలియలేదు. విమానం మబ్బుల్లోంచి వచ్చి, వంగి, దిగింది.

జనం దిగాక దాన్ని షెడ్డుకి తెచ్చారు. తోక కింద ఇందే నిచ్చెన వేసుకుంది. అతని చేతిలో రూపాయి తీసుకుని, మైకులు అతికించి, తనే కొట్టింది. తెర మీద అంతా పచ్చగా వచ్చింది, శబ్దతరంగాల మిషనులోనూ ఎర్రమచ్చ లేదు.

“బాగుంది మావయ్యగారూ. మీరు సరిగ్గానే విన్నారు.”

పరదేశి నేలమీద కూలబడి ఏడ్చాడు. త్రినాధరావు మంచినీళ్ళిచ్చాడు.

“రిపోర్టు రాయక తప్పదు బావా.”

“రాయి. నా సెవిని నమ్ముకుని ఇంకోటి ఎగరకూడదు.”

“ఇంటికెళ్ళు. కబురు సేత్తాను.”

కబురు రాదని ఇద్దరికీ తెలుసు. పరదేశి టిఫిను డబ్బా తీసుకుని, ఇందు దగ్గర రూపాయి అడిగి తీసుకుని, గుడ్డతో తుడిచి మేకుకి తగిలించాడు. బస్సు కోసం రోడ్డు మీదకి నడిచాడు.

సాయంత్రం త్రినాధరావు బోర్డు చూశాడు. ఖాళీలేవీ లేవు, విమానం వెళ్ళొచ్చు. ఎర్రగీత నడుమ నలభై ఏడో నంబరు రూపాయి, ఒకపక్క బొటనవేలు ఆనీ ఆనీ సింహాలు అరిగిపోయి, నున్నగా వేలాడుతోంది.