ఫ్రిజ్ తలుపులో కరిగించే మందు

నేను ఒక గాజు సీసాను. మీ బొటనవేలంత ఉంటాను. అడుగున చిటికెడు తెల్లటి పొడి, పైన రబ్బరు బిరడా, దాని మీద రేకు మూత. నా ఒంటి మీద రాసిన పేరు పొడుగ్గా ఉంటుంది, పలకడం కష్టం. కాకినాడలో నేనున్న చర్మవైద్యుల క్లినిక్‌లో నర్సు ఎస్తేరు నన్ను "కరిగించే మందు" అంటుంది. లోతుపడిన చెంపలు, కణతలు నింపడానికి ఫిల్లర్ అనే జెల్‌ను చర్మం కిందికి ఎక్కిస్తారు. అది వెళ్లకూడని చోటికి వెళితే కరిగించాలి. నాకు తెలిసిన పని అదొక్కటే.

నేను తయారైన చోట మనుషులకు కళ్లు మాత్రమే కనిపించేవి. మిగతా ముఖమంతా కప్పుకునేవారు. వాళ్లు మాట్లాడుకోగా నేను వినలేదు. అక్కడి నుంచి మంచు పెట్టెలో పడి, లారీ మారి, వ్యాను మారి ఈ ఫ్రిజ్ తలుపు అరలోకి చేరాను. నాలాంటివి మరో మూడు సీసాలు పక్కనే ఉన్నాయి. కానీ ఎవరి అట్టపెట్టెలో వాళ్లం. ఒకరినొకరం ఎప్పుడూ చూసుకోలేదు.

కింది అరలో ముడతలు పోగొట్టే మందు ఉంటుంది. దానికి రోజూ పిలుపే. మమ్మల్ని మాత్రం డాక్టర్ ప్రతిభ పొద్దున్నే వేలితో తాకి, ఉన్నామని చూసుకుని తలుపు వేసేస్తారు. మేము లేని రోజు ఆవిడ ఫిల్లర్ సిరంజి ముట్టుకోరు. నేను లేకపోతే ఇక్కడ పని మొదలవ్వదు. నాతో పని పడితే ఇక్కడ ఎవరికీ మనసు బాగుండదు. తలుపు మూయగానే లైటు ఆరిపోతుంది. ఆ చీకట్లో బయటి మాటలు వింటూ ఉంటాను.

ఒక బుధవారం పొద్దున కొత్త గొంతు వినిపించింది. ఆమె పేరు హైమావతి. వయసు నలభై ఆరు.

"పెళ్లి జాకెట్లకి మగ్గం పని చేస్తానండి. టైఫాయిడ్ వచ్చి లేచిన దగ్గర్నుంచీ కణతలు గుంటలు పడిపోయాయి. జాకెట్టు కుట్టమని వచ్చినోళ్లు, పెళ్లి టయానికి ఈవిడ ఉంటుందా అన్నట్టు చూస్తున్నారండి."

ఎస్తేరు నవ్వాపుకోలేకపోయింది. డాక్టర్ మాత్రం నవ్వలేదు. కణతల్లో రక్తనాళాలు ఎక్కువని, జెల్ నాళంలోకి పోయినా, నాళాన్ని బయట నుంచి నొక్కినా పైచర్మానికి రక్తం అందక కుళ్లిపోవచ్చని, బహు అరుదుగా చూపు కూడా పోవచ్చని నెమ్మదిగా చెప్పారు.

"చూపా?" అంది హైమావతి. "నా కూడు కళ్లతోనేనండి."

"అందుకే చెబుతున్నాను. ఇంటికెళ్లి ఆలోచించుకుని రండి."

ఆలోచించుకోవడానికి మనిషి ఇంటికి వెళ్లాలి. కానీ అద్దం ఉండేదీ ఆ ఇంట్లోనే. శుక్రవారం పొద్దున హైమావతి తిరిగొచ్చి సంతకం పెట్టింది.

డాక్టర్ తొందరపడలేదు. కొంచెం ఎక్కించడం, ఆగడం, చర్మం రంగు చూడటం, "కళ్లు బాగా కనబడుతున్నాయా?" అని అడగడం. గంట గడిచింది. అంతా సవ్యంగానే ఉంది. వెళ్లేముందు ఎస్తేరు చెప్పింది: "రుద్దొద్దు, నొక్కొద్దు, తలకేమీ కట్టొద్దమ్మా. ఇంట్లో ఒకరికి ఈ సంగతి చెప్పండి."

అన్నింటికీ "అలాగేనండి" అంది హైమావతి. చివరి దానికి ఆ మాట కొంచెం ఆలస్యంగా వచ్చింది.

ఫిల్లర్ చేయించుకున్నవాళ్లకు అదే రోజు సాయంత్రం ఐదింటికి ఫోన్ చేయడం ఎస్తేరు అలవాటు. స్పీకరులో హైమావతి గొంతు గుసగుసగా ఉంది.

"బాగానే ఉందండి. మా వదిన పక్కనుంది, మళ్లీ మాట్లాడతా."

"ఒక్క ఫొటో తీసి పంపండమ్మా."

ఫొటో వచ్చింది. ఎస్తేరు కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు విన్నాను. మళ్లీ ఫోన్ చేసింది. "ఆ తలకి కట్టిన గుడ్డేంటమ్మా?"

"మధ్యాన్నం నుంచి కణత నొప్పెడతా ఉందండి. తలనొప్పి అన్నాను. వదిన బామ్ రాసి, చీరముక్క బిగించి కట్టింది."

"ఇప్పుడే విప్పండి. నొప్పున్నచోట వేలితో నొక్కి వదలండి. చర్మం రంగు వెంటనే తిరిగొస్తుందా?"

మీరు ఊపిరి బిగపట్టడం అంటారే, అది నాకు లేదు. ఉంటే అప్పుడు బిగపట్టేదాన్ని.

"రావట్లేదండి. తెల్లగా ఉండిపోయింది. పక్కనంతా ఊదారంగు గీతల్లా ఉంది."

వెంటనే బయల్దేరి రమ్మంది ఎస్తేరు. ఇరవై నిమిషాల్లో ఆటో వచ్చింది. హైమావతి కంటే ముందు ఆమె వదిన బంగారమ్మ గొంతు లోపలికొచ్చింది. భర్త పోయాక ఆడపడుచుతోనే ఉంటోందట.

"నాతో ఒక్క ముక్క చెబితే ఆ గుడ్డ కడుదునా? బలంగా కడితే నొప్పి తగ్గుతుందని పళ్లు బిగించి మరీ కట్టానమ్మా నా చేతులిరగ!"

"చెబితే నవ్వుతావు కదా వదినా. ఈ వయసులో సోకులేంటే అంటావు."

"అంటాను. అనేదాన్నే. అని, కట్టకుండా ఊరుకునేదాన్ని!"

ఫ్రిజ్ తలుపు తెరుచుకుంది. మొదటిసారి మా నలుగురి అట్టపెట్టెలూ చించారు. వెలుతురులో పక్క సీసాలను అప్పుడే చూశాను. అందరం ఒకేలా ఉన్నాం.

ముందు చూపు పరీక్ష చేయాలన్నారు డాక్టర్. గోడ మీది అక్షరాలు చదవమంటే, "అదేం పరీక్షండీ," అని హైమావతి తన సంచీలోంచి పూసలు కుట్టే సన్నటి సూది తీసింది. ఒక కన్ను మూసుకుని దారం ఎక్కించింది. రెండో కన్ను మూసుకుని మళ్లీ ఎక్కించింది. రెండుసార్లూ మొదటి ప్రయత్నానికే ఎక్కింది. డాక్టర్ గట్టిగా ఊపిరి వదిలారు.

"తేనెటీగ కుడితే ఎప్పుడైనా ఒళ్లంతా వాచిందా?" అని అడిగారు. తేనెటీగ విషం పడనివాళ్లకు నేనూ పడకపోవచ్చు.

"దానికేం కాదమ్మా, కుట్టిన ఈగే పోతుంది," అంది బంగారమ్మ ఏడుస్తూనే.

నాలోకి సెలైన్ ఎక్కించారు. పొడి కరిగి నీళ్లయింది. తర్వాత సూదిలోంచి ఆమె కణతలోకి వెళ్లిపోయింది. నాలుగు సీసాలమూ అలాగే ఖాళీ అయ్యాం. డాక్టర్ ప్రతి కొద్ది నిమిషాలకీ వేలితో నొక్కి చూశారు. గంటంపావు అయ్యేసరికి తెల్లటి మచ్చ గులాబీ రంగు తిరిగింది.

జెల్‌ కూడా కరిగింది. ఏది ప్రమాదం, ఏది ముచ్చట అని నాకు తేడా తెలియదు. హైమావతి అద్దంలో చూసుకుంది. నొప్పి వచ్చిన వైపు కణత మళ్లీ లోపలికి పోయింది. రెండో వైపు నిండుగా ఉంది. బంగారమ్మ ఆ గుంట మీద చెయ్యి వేయబోయి, జ్ఞాపకం వచ్చి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"రేపు పొద్దున్నే రండి, మళ్లీ చూడాలి," అన్నారు డాక్టర్.

లేవబోతూ హైమావతి పళ్లెంలో ఖాళీగా పడున్న నన్ను తీసి చూసింది. "ఇంతేనా ఇది?" అంది. ఆమె వేళ్ల చివర్లు సూదిపోట్లతో గరుకుగా ఉన్నాయి. ఇన్నాళ్లూ ఫ్రిజ్‌లో ఉన్న గాజు ఆ అరచేతిలో మెల్లగా వెచ్చబడింది. గుప్పిట మూసుకుని అలాగే కూర్చుంది.

"ఇటివ్వండమ్మా," అంది ఎస్తేరు. "వాడేసిన గాజు నీలం చెత్తడబ్బాలో వెయ్యాలి."