గొడుగమ్మ మడమ

తడి పెయింటు వాసన.

ఎండలో కలిసి, దుమ్ములో కలిసి, లారీల పొగలో కలిసి కూడా మొండిగా ముక్కుకు తగిలే వాసన.

బస్సు దిగగానే ముందు అదే ఎదురొచ్చింది. ఆ తర్వాతే గొడుగమ్మ కనపడింది.

కనపడింది అంటున్నాను గానీ సగమే. మెడ దాకా కర్రల పరంజా. దాని మీద నడుం దాకా ఒక పాత టార్పాలిన్ పట్టా. గొడుగు లేదు. గొడుగు ఉండాల్సిన చేతిలో లారీ టైరు ఉంది.

టైరేంటమ్మా నీ చేతిలో... నా రాత కాకపోతే.

గొడుగమ్మ అంటే సిమెంటు మనిషి. రోడ్డు పక్కన, మూడంతస్తుల ఎత్తున, ఎర్ర గొడుగు పట్టుకుని నిలబడి ఉండేది. వెనకాల చిన్న పార్కు. అద్దాల గది, నత్తలా నడిచే బుల్లి రైలు, కొలనులో రెండు పడవలు. దారిన పోయే కార్లు ఆగాలని పార్కు యజమాని కట్టించిన బొమ్మ.

ఆ బొమ్మది మా అక్క మొహం.

గొప్పకి చెప్పుకోవడం కాదు. నిజంగానే మా అక్క మొహం.

అక్క ఆ పార్కులో ఫోటోలు తీసేది. బొమ్మ కాళ్ల దగ్గర జనాన్ని నిలబెట్టి, "కదలకండి... బాబూ, నువ్వే, ముక్కులోంచి వేలు తియ్యి" అనేది. ఈ దారిన పోయిన వాళ్లలో సగం మంది ఇళ్లలో అక్క తీసిన ఫోటో ఉంటుంది.

మా ఇంట్లో అక్క ఫోటో లేదు.

"నా మొహానికి ఫిల్ము దండగ" అనేది. గుర్తింపు కార్డు మీద ఒకటుంది. దాన్ని చూస్తే పోలీసులే జడుసుకుంటారు.

పోయిన చలికాలంలో అక్క పోయింది.

అప్పట్నుంచీ కళ్లు మూసుకుంటే ఒకటే మొహం వస్తోంది. ఆసుపత్రి మంచం మీది మొహం. బుగ్గలు లోపలికి పోయి, ముక్కులో గొట్టం పెట్టి, నన్ను చూసి కూడా ఎవరని అడిగిన మొహం. అది ముందుకొచ్చి నిలబడి వెనకున్న మొహాలన్నిటికీ అడ్డం పడుతోంది. తోసినా పోదు.

నవ్వే అక్క కావాలి నాకు. తిట్టే అక్కయినా సరే.

పొద్దున్నే మిషను మీద గుడ్డ కప్పి, కొట్టుకి తాళం పెట్టి వచ్చేశాను. జిప్పులు మార్చాల్సిన ప్యాంట్లు కుప్పగా పడున్నాయి. ఉండనీ. ప్యాంట్లెక్కడికీ పోవు.

*

గొడుగమ్మని కట్టిన మేస్త్రీ మాటకారి కాదు. పొడుగ్గా, ఎండిన చింతబరికెలా ఉండేవాడు. ఒళ్లంతా కట్టాడు, మొహం దగ్గర ఆగిపోయాడు. యజమాని ఏదో క్యాలెండరు బొమ్మ తెచ్చిచ్చి ఇలా చెయ్యమన్నాడు. మేస్త్రీ దాన్ని మడిచి టీ గ్లాసు కింద పెట్టుకున్నాడు.

ఎదురుగా రోజంతా అక్క. కెమెరా మెళ్లో వేసుకుని అటూ ఇటూ.

పట్టా దించిన రోజు జనం బొమ్మని చూశారు. తర్వాత అక్కని చూశారు. మళ్లీ బొమ్మని చూశారు. ఎవడో ఈల వేశాడు.

అక్క మొహం కందగడ్డ అయింది. "నా ముక్కు అంత లావా?" అని మాత్రం అంది.

మేస్త్రీ నవ్వాడు. ఆ వారంలోనే వేరే పని దొరికి వెళ్లిపోయాడు. అంతే కథ.

అంతే అనుకున్నాను, ఇవాళ్టి దాకా.

*

వానాకాలం పార్కు మూసేసేవాళ్లు. అప్పుడు అక్క కాలికి బలపం కట్టుకునేది.

అమ్మా నాన్నా ఎప్పుడో పోయారు. నాకు అక్క, అక్కకి నేను. నాకప్పుడు పదిహేనో పదహారో. "పదవే, ఊరు చూద్దాం" అనేది. ఊళ్లేం చూసేవాళ్లం కాదు. రోడ్డు పక్కన వింతలు చూసేవాళ్లం. పార్కు దగ్గర టీకి ఆగిన లారీ డ్రైవర్లు చెప్పేవాళ్లు, ఫలానా చోట ఇల్లంత కెటిల్ కట్టారమ్మా అని. అక్క చెవులు రిక్కించుకుని వినేది. వానలు పడగానే బస్సెక్కేవాళ్లం.

ఇల్లంత కెటిల్... ముక్కులోంచి ఒక్క చుక్క కారదు.

మనిషి దూరేంత బూటు... లేసులు నిజం తాళ్లే.

తలకిందులుగా కట్టిన ఇల్లు. కుర్చీలు పైకప్పుకి, దీపం నేల మీద.

నాలుగు మొహాల గడియారం. నాలుగు వైపులా నాలుగు టైములు. "నీలాగే, ఒక్క మాట మీద నిలబడదు" అని అక్క నన్ను వెక్కిరించింది.

అందరూ ముందు నుంచి చూస్తారు కదా. అక్క మాత్రం మొదట వెనకవైపుకి వెళ్లేది. "ముందు వైపు ఎవడైనా బాగానే చేస్తాడే. పనివాడు తెలిసేది వెనకే." వెళ్లి గొంతుక్కూచుని, అడుగున చేత్తో తడిమి, లేచి కొంగలా మెడ చాచి చుట్టూ చూసేది. పక్కన కాపలా వాడుంటే ఎవరు కట్టారని అడిగేది.

నాకవేం పట్టేవి కాదు. నాకు ఐస్‌క్రీం ముఖ్యం.

కొన్ని చోట్ల అక్క అడక్కుండానే రెండు కొనేది. రెండూ నాకే ఇచ్చేది. కొన్ని చోట్ల "కడుపునొప్పిగా ఉంది, పద" అని బస్టాండుకి లాక్కెళ్లేది. బొమ్మ నచ్చితే ఐస్‌క్రీం, నచ్చకపోతే కడుపునొప్పి. నా బుర్రకి తోచిన లెక్క అది.

ఇవాళ దారిలో కెటిల్ దగ్గర దిగాను. పిడి విరిగిపోయింది. లోపల పావురాలు. పక్కనే కూల్‌డ్రింకుల కొట్టులో ఐస్‌క్రీం కొనుక్కుని, రాయి మీద కూర్చుని తిన్నాను. ఈ వయసులో ఒక్కదాన్నే ఐస్‌క్రీం తింటుంటే కొట్టావిడ నా వైపు జాలిగా చూసింది. నాకూ నా మీద జాలేసింది. సగం తిని పారేశాను.

ఇంత పెద్ద కెటిల్ ముందు ఒక్క మనిషి... ఎంత చిన్నగా ఉంటుందో.

*

"ఏంటమ్మా, అలా చూస్తున్నారు? బాలేదా?"

పరంజా మీంచి పెయింటరు. తలకి కాగితం టోపీ. నవ్వు మొహం.

బాలేదా అంటే ఏం చెప్పను. గొడుగమ్మకి మీసం పెట్టాడు. చిన్నదీ కాదు. మెలితిప్పిన మీసం.

"మీసమేంటి నాయనా?"

"పార్కు పోయి టైర్ల షాపు వచ్చింది కదమ్మా. ఆడమనిషి టైరు పట్టుకుంటే బాగోదని ఓనరు మగాణ్ణి చెయ్యమన్నాడు."

"మొయ్యాల్సినవన్నీ మొయ్యడానికి ఆడమనిషి బాగుంటుంది. షాపు ముందు నిలబడాల్సొచ్చేసరికి మగాడు కావాల్సొచ్చాడా?"

వాడు నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. అక్కకి మీసం! అక్క ఉంటే పొట్ట పట్టుకుని నవ్వేది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకునేది. నేనూ నవ్వాను. తర్వాత ఆపుకోలేక ఏడ్చాను. రోడ్డు పక్కన, పట్టపగలు, చిన్నపిల్లలా.

వాడు గబగబా దిగొచ్చాడు. స్టూలు వేశాడు. నీళ్లిచ్చాడు. చెప్పాను... ఇది మా అక్క అని.

వాడు నన్ను చూశాడు, మీసాన్ని చూశాడు. నాలిక్కరుచుకున్నాడు. మళ్లీ ఎక్కి థిన్నరు గుడ్డతో మీసం తుడిచేశాడు. "తడిగానే ఉందిలెండి, మళ్లీ పెట్టుకోవచ్చు. కరువుతీరా చూసుకోండి."

చూశాను.

అక్క లేదు.

"పాత రంగు గోకే ఓపిక మా పెయింటర్లలో ఎవడికుందమ్మా? రంగు మీద రంగే. ఏటా ఒకడు వచ్చి వాడికి తోచిన కళ్లు పెట్టి పోయాడు. ఆ ముక్కు చూడండి, బంగాళాదుంపలా తయారైంది."

పెదవులు ఎవరివో. కనుబొమలు ఎవరివో. ఇంత దూరం వచ్చి, మెడ నొప్పి పుట్టేలా తలెత్తి... పరాయి మొహం చూస్తున్నాను.

"మొహం సంగతి సరే. నన్ను చంపుతున్నది చెవి. తమ్మె పగిలింది. ఎన్నిసార్లు లప్పం పెట్టి పూడ్చినా వానకి ఊడిపోతుంది."

"ఏ చెవి?"

"ఎడం చెవి."

లేచి నిలబడ్డాను.

అది పగులు కాదు.

కెమెరా బెల్టుకి దుద్దు చిక్కుకుని తమ్మె తెగింది అక్కకి. రెండుగా చీలిపోయింది. సిగ్గుపడి జుట్టు దాని మీదకి దువ్వుకునేది. నిద్రలో కూడా ఆ చెవి దిండుకి ఆనించి పడుకునేది. లోకంలో ఆ చెవి చూసినదాన్ని నేనొక్కదాన్నే అనుకున్నాను.

మరి మేస్త్రీకెలా తెలిసింది?

జుట్టు పక్కకి తొలగిస్తే తప్ప కనపడదే...

"అంటే పగులనుకుని ఇన్నేళ్లూ పూడుస్తున్నామా?" అన్నాడు పెయింటరు. తల గోక్కున్నాడు. "అలాంటిదే వెనకాల ఇంకోటుందమ్మా. మడమ మీద. గుంటలా. దాన్నీ పూడ్చమన్నాడు ఓనరు."

వెనక్కి వెళ్లాను. మోకాళ్లు కలుక్కుమన్నాయి. గొంతుక్కూచున్నాను.

మడమ మీద గుండ్రటి అచ్చు. చుట్టూ పువ్వురేకుల అంచు. మధ్యలో నాలుగు చుక్కలు.

గుండీ.

పచ్చి సిమెంటులో నొక్కి తీసిన గుండీ అచ్చు. వేలు పెట్టాను. జీవితమంతా గుండీలు కుట్టినదాన్ని, నా వేలికి తెలియని గుండీ ఉంటుందా? అక్క నీలం కోటుది. రెండోది. ఎక్కడో ఊడి పడిపోయిందంది. కొత్తది కుడతానంటే కోటు ఇచ్చేది కాదు. చచ్చేదాకా ఆ కోటుకి గుండీ చోట గుండీ లేదు. చలికి చేత్తో మూసుకుని నడిచేది.

పడిపోలేదు. మేస్త్రీకి ఇచ్చింది.

*

కూర్చునే ఉండిపోయాను. లారీలు పోతున్నాయి, వస్తున్నాయి.

కెటిల్ దగ్గర రెండు ఐస్‌క్రీములు. బూటు దగ్గర కడుపునొప్పి. తలకిందుల ఇంటి దగ్గర రెండు. గడియారం దగ్గర రెండు... బస్సులో పాట కూడా పాడింది.

గుండీ అచ్చు దొరికినచోటల్లా నాకు ఐస్‌క్రీం. దొరకనిచోటల్లా అక్కకి కడుపునొప్పి.

అతను కడుతూ పోయాడు. అక్క వెనకాల వెళ్లింది. వెళ్లేసరికి అతను లేడు, అచ్చు ఉంది. మళ్లీ వానాకాలం. మళ్లీ బస్సు.

నాకు కోపం వచ్చింది. ఒళ్లు మండింది. ఆ సెలవులు నావనుకున్నాను. అక్క నన్ను తిప్పుతోందనుకున్నాను. నేను వట్టి సాకు. తోడుకి చెల్లెలుంటే ఆడపిల్ల ఒంటరిగా ఎక్కడికని ఎవరూ అడగరు కదా.

ఇన్నేళ్లు ఒకే గదిలో, ఒకే దుప్పటి కింద... ఒక్క మాట చెప్పలేదు.

"నీ నోట్లో నువ్వుగింజ నానదే" అనేది ఎప్పుడూ. నిజమే. చెప్పుంటే తెల్లారేసరికి వీధి వీధంతా పాకేది. ఆ మాట కాదనను.

అయినా చెప్పొచ్చుగా అక్కా.

నీతో పాటు నేనూ వెతికేదాన్ని. నువ్వు ఎడమ కాలు చూస్తే నేను కుడి కాలు చూసేదాన్ని. ఐస్‌క్రీం మానేసేదాన్ని.

"ఈ గుంటని ఏం చెయ్యమంటారమ్మా?" పెయింటరు అడిగాడు. గొంతు తగ్గించి, ఆసుపత్రిలో మాట్లాడినట్టు.

"రంగు వేసుకో. లప్పం పెట్టకు."

"చెవికో?"

"దానికీ పెట్టకు."

"ఓనరు తిడతాడు..." అని ఆగాడు. "తిట్టనీలెండి. ఆయన ఎక్కి చూస్తాడా ఏంటి?"

బస్సుకి ఇంకా టైముంది. ఇంకెక్కడికైనా వెళ్తారా అని అడిగాడు. నోట్లోంచి దానంతటదే వచ్చింది...

"చేప దగ్గరికి."

"ఆ సిమెంటు చేపా? అది లేదు కదమ్మా. రోడ్డు వెడల్పు చేసినప్పుడే కొట్టేశారు. తోక కూడా మిగల్లేదు."

చేప. మా ఆఖరి ప్రయాణం. దాని తర్వాత ఎన్ని వానాకాలాలు వచ్చినా అక్క బస్సెక్కలేదు. డ్రైవర్లు ఏం చెప్పినా వినేది కాదు. "చాల్లేవే, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి" అనేది. ఎందుకని నేను అడగలేదు. నాకు అప్పటికి కుట్టు పని దొరికింది, నా గోల నాది.

ఆ రోజు ఐస్‌క్రీమూ లేదు, కడుపునొప్పీ లేదు. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది, దిగేదాకా.

నోరు తెరిచిన చేప. నోట్లోంచి దూరి కడుపులోకి నడవొచ్చు. లోపల చీకటి, చల్లదనం, గోడలకి ఇంకా ఆరని రంగు వాసన. అక్క తోక వైపు వెళ్లింది. నేను లోపలికి పరిగెత్తాను.

పళ్ల సందుల్లోంచి చూస్తే బయట అక్క. కాపలాదారు ముసలాయన. అక్క ఏదో అడిగింది. ఆయన ఏదో చెప్పాడు. చెప్తూ చెయ్యెత్తి చూపించాడు... రోడ్డు వైపో, ఆకాశం వైపో. సరిగ్గా కనపడలేదు.

మేస్త్రీ వెళ్లిపోయాడన్నాడో, చనిపోయాడన్నాడో... మాటలూ వినపడలేదు.

నేను చేప కడుపులో ఉన్నాను. నా పేరు నేనే అరిచి, అది తిరిగొస్తుంటే పగలబడి నవ్వుతున్నాను.